కృతజ్ఞతా లేఖల కార్యక్రమం: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

గత సర్వసభ్య సమావేశం ఆమోదించిన మేరకు ఈ ఏడాది మన సంఘం కృతజ్ఞతా లేఖలను ప్రధాన కార్యక్రమంగా చేపట్టింది. మేలు చేసినవారికి స్వహస్తాలతో ఉత్తరమో కార్డో రాసి పంపాలి. కాగితాలు, కలాలు, కవర్లు సంఘమే సమకూర్చింది. రాసినది ఎవరికీ చూపనక్కర్లేదని మొదటి కూడికలోనే చెప్పాం.

అయినా చాలామంది కలం పట్టుకుని అలాగే కూర్చుండిపోయారు. నా దస్తూరి బాగుండదని ఒకరు, ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడెందుకు గుర్తొచ్చానని అనుకుంటారేమోనని మరొకరు. ఈ జంకు మన ఒక్కరిదే కాదు. అమిత్ కుమార్, నికోలస్ ఎప్లీ అనే పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇదే కనిపించింది. ఉత్తరం అందుకున్నవారు ఇబ్బంది పడతారని రాసినవారు ఉన్నదానికంటే ఎక్కువగా ఊహించుకున్నారు. అందుకున్నవారి సంతోషాన్ని మాత్రం తక్కువగా అంచనా వేశారు. రాసేవారి బెంగంతా మాటల పొందిక మీద ఉంటే, అందుకున్నవారు చూసింది ఆప్యాయతను. ఈ సంగతి చదివి వినిపించాక కలాలు కదిలాయి.

అప్పుడు మరో చిక్కు వచ్చింది. ‘మీ సహాయం మరువలేనిది’ అన్న వాక్యం దాదాపు ప్రతి ఉత్తరంలోనూ ఉందని సభ్యులే నవ్వుకుంటూ చెప్పుకున్నారు. పేరు మార్చి ఎవరికైనా పంపగల వాక్యమది. మేలు చేసినవారు చేసిన పని ఏమిటి, ఆ తర్వాత మన జీవితంలో ఏమి మారింది, ఈ రెండూ రాయండని కోరాం. ‘పరీక్ష ముందు రాత్రి మీరు లెక్కలు మళ్లీ మొదటి నుంచి చెప్పారు. ఇప్పుడు మా అమ్మాయికి నేను అలాగే చెబుతున్నాను’ అని ఒక సభ్యురాలు తాను రాసినది చదివి వినిపించారు. ఆ రెండు వాక్యాల తర్వాత మేము వేరే సలహా ఇవ్వనవసరం లేకపోయింది. ముద్రించిన సందేశంతో కార్డులు తెప్పిద్దామన్న ప్రతిపాదనను కార్యవర్గం అందుకే తోసిపుచ్చింది. సంతకం ఒక్కటే మనదైతే ఈ శ్రమంతా ఎందుకు?

చేయి వణికే పెద్దల కోసం యువ సభ్యులు రాసిపెట్టారు. వారు చెప్పిన మాటలను దిద్దవద్దని, సంతకం మాత్రం వారి చేతే చేయించాలని నియమం పెట్టుకున్నాం. చూపులేని తన గురువుకు ఒకరు బ్రెయిలీలో రాయించారు. అంధుల కోసం పంపే ఇలాంటి లేఖలకు అంతర్జాతీయ తపాలా సమితి (యూనివర్సల్ పోస్టల్ యూనియన్) నిబంధనలు తపాలా రుసుము మినహాయిస్తాయని, విమానంలో పంపితే అదనపు రుసుము పడవచ్చని సభ్యులు గమనించగలరు.

సిరా గురించి ఒక మాట. ఫౌంటెన్ పెన్ సిరా చాలావరకు నీటితో కలిసేది, తడిస్తే అలుక్కుపోతుంది. లోపల దేనితో రాసినా, కవరు మీది చిరునామా బాల్‌పెన్నుతోనే రాయండి.

ఫోనులో సందేశం పంపితే చాలదా అని అడిగినవారున్నారు. అది చాలనుకున్నవారు నిరభ్యంతరంగా పంపవచ్చు. ఉత్తరం రాయడానికి కూర్చుంటే ఆ మనిషి గురించి కాసేపు ఆలోచించక తప్పదు. మాకు కావలసింది అదే.

చిరునామా మారి కొన్ని ఉత్తరాలు తిరిగివచ్చాయి. ఒకటి మాత్రం చేరేసరికి ఆ పెద్దాయన లేరు. వారి కుటుంబం జవాబు రాసింది, తమకు తెలియని ఆయన మంచితనం ఒకటి ఆ ఉత్తరంతో తెలిసిందని.

మొత్తం ఎన్ని ఉత్తరాలు వెళ్లాయని కొందరు అడుగుతున్నారు. లెక్క పెట్టలేదు. జవాబుల లెక్క కూడా వద్దని నిర్ణయించాం, లేకపోతే కృతజ్ఞత బాకీ వసూలుగా మారుతుంది.

వచ్చే ఏడాది చిరునామాలు ముందే సరిచూసుకునేందుకు ఒక కూడిక కేటాయిస్తాం. 1874లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో అంతర్జాతీయ తపాలా సమితి ఏర్పడిన అక్టోబరు 9ని ప్రపంచ తపాలా దినోత్సవంగా జరుపుతారు కనుక, ఆ రోజున పిల్లలతో ప్రత్యేక కూడిక ఉంటుంది. ఆ సమితి 1971 నుంచి పిల్లలకు అంతర్జాతీయ లేఖారచన పోటీ నిర్వహిస్తోంది. ఆసక్తి ఉన్నవారిని అందుకు సిద్ధం చేయాలని ఆలోచన. పిల్లలకు నేర్పగలిగిన సభ్యులు తమ పేర్లు ఇవ్వగలరు. ఖర్చుల వివరాలు కోశాధికారి నివేదికలో ఉన్నాయి.

– కార్యదర్శి