విద్యార్థి సహాయ విభాగం: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన విభాగం పని ఎక్కువగా యూఐసీ, అంటే షికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం చుట్టూనే తిరిగింది. ముప్పై వేలకు పైగా విద్యార్థులున్న ఈ ప్రభుత్వ పరిశోధనా విశ్వవిద్యాలయానికి ఊరి మధ్యలోనే రెండు క్యాంపస్‌లున్నాయి. కొత్తవాళ్లకు మేం మొదట చెప్పే మాట ఇదే. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల కోసం 1946లో సరస్సు ఒడ్డునున్న నేవీ పియర్‌లో మొదలైన రెండేళ్ల చదువు 1965లో హాల్‌స్టెడ్ వీధి దగ్గరికి మారింది. 1982లో దాన్ని వైద్య క్యాంపస్‌తో కలిపేశారు. అందుకే నేటికీ ఇంజినీరింగ్, బిజినెస్ తూర్పున, వైద్యం, ఫార్మసీ, నర్సింగ్ పడమట ఉన్నాయి.

"యూఐసీకి దగ్గర" అన్న ప్రకటన చూసి గది తీసుకునే ఫార్మసీ విద్యార్థులు తూర్పున చిక్కుకుపోతున్నారు. డిపార్ట్‌మెంట్ ఏ భవనంలో ఉందో కనుక్కున్నాకే లీజు మాట ఎత్తమంటున్నాం. ఉమ్మడి లీజైతే ఒకరు మధ్యలో వెళ్లిపోయినా వాళ్ల అద్దె మిగతావాళ్ల నెత్తినే పడుతుంది. ఓహేర్ విమానాశ్రయంలో దిగినవాళ్లకు బ్లూ లైన్ మెట్రో చాలు, రైలు మారక్కర్లేదు. తూర్పుకైతే యూఐసీ-హాల్‌స్టెడ్‌లో దిగాలి. పడమటికైతే ఫారెస్ట్ పార్క్ బోర్డున్న రైలెక్కి ఇల్లినాయ్ మెడికల్ డిస్ట్రిక్ట్ దాకా వెళ్లాలి.

ఎక్కువ సమయం పట్టింది మాత్రం ఓపీటీ, అంటే చదువు ముగిశాక అమెరికాలో కొంతకాలం పని చేసుకునే అనుమతి గురించిన సందేహాలకే. కోర్సు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల వరకు దరఖాస్తుకు వీలుంది. ఆ 60 రోజులూ చేతిలో ఉన్నాయి కదా అని ధీమాగా ఉండేవాళ్లు ఇంకో గడువు మరిచిపోతారు: డీఎస్ఓ (విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) సిఫారసు నమోదు చేసిన 30 రోజుల్లోపు ఐ-765 అనే పని అనుమతి దరఖాస్తు అమెరికా వలస సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్‌కు చేరాలి. ఆ సిఫారసు రాకముందే పంపినా, 30 రోజులు దాటాక పంపినా తిరస్కరిస్తారు, కట్టిన ఫీజు తిరిగి రాదు. ఆ సిఫారసుతో కొత్త ఐ-20 (విద్యార్థి హోదా పత్రం) రాగానే దాని మీద తేదీ చూసి, సంతకం పెట్టి, అదే వారం దరఖాస్తు పంపేయడం మేలు.

ఇల్లు మారితే పది రోజుల్లోపు విశ్వవిద్యాలయానికి తెలపాలి. బయటి ఆరోగ్య బీమా ఉన్నవాళ్లు క్యాంపస్‌కేర్ (విశ్వవిద్యాలయం సొంత ఆరోగ్య పథకం) మినహాయింపు గడువు దాటిస్తే ఆ సెమిస్టర్ రుసుము బిల్లులో పడిపోతుంది. ఫోన్‌లో గడువు పెట్టుకోమని ఎంత చెప్పినా ఇది ప్రతిసారీ ఎవరో ఒకరికి జరుగుతూనే ఉంది.

విభాగం ఖర్చుల లెక్కలు సర్వసభ్య సమావేశంలో కోశాధికారి సమర్పిస్తారు. లీజులు చదివి పెట్టగల సభ్యులు ఆ రోజే పేరు ఇవ్వాలని మనవి.