తిప్పర్తి దగ్గర దెబ్బతిన్న మా కారు విషయంలో అండగా నిలిచినవారికి కృతజ్ఞతలు

మా కారు బీమా తగవు ఈ వారం తేలిపోయింది. కంపెనీ మొదట కొట్టేసిన స్టీరింగ్ ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలను తిప్పే భాగం), లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది వైపు నుంచి బండికి పట్టి ఉంచే భాగం) ఖర్చును చివరకు ఒప్పుకుని నాన్న ఖాతాలో వేసింది. అది సాధ్యమైంది ఇద్దరి వల్ల. ఒకరు నల్లగొండలో మా వీధిలోనే ఉండే విశ్రాంత బీమా అధికారి, మరొకరు మిర్యాలగూడ రోడ్డులో షెడ్డు నడిపే మెకానిక్ అన్న. పేర్లు రాయవద్దని ఇద్దరూ గట్టిగా చెప్పారు. కానీ వారు చేసిన మేలు రాయకుండా ఉండలేను.

యాసంగి కోతల రోజులు. నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద తిప్పర్తి దాటాక, చీకట్లో, వడ్ల చుట్టూ పేర్చిన రాళ్లను తప్పించబోయి కారు కల్వర్టు గోడను గుద్దింది. ఎడమ ముందు చక్రం లోపలికి ముడుచుకుపోయింది. దేవుడి దయవల్ల నాన్న మోచెయ్యి గీరుకుపోవడంతో సరిపోయింది. ఆ వడ్ల రైతును మేం ఒక్క మాట కూడా అనలేదు. కల్లం లేనివాడు పంట ఎక్కడ ఆరబోసుకుంటాడు?

నష్టం లెక్కకట్టడానికి కంపెనీ పంపిన సర్వేయర్ బంపరు, హెడ్‌లైటు, రేడియేటర్ వరకు ఒప్పుకున్నారు. బిల్లులో అసలు బరువంతా ఉన్న స్టీరింగ్ ర్యాక్, లోయర్ ఆర్మ్ మాత్రం 'వాడకంలో అరిగినవి, ప్రమాదానికి సంబంధం లేదు' అని తీసేశారు. నాన్న ఫోనులో ఎంత మొత్తుకున్నా అదే జవాబు.

అప్పుడు మా వీధిలోని ఆ విశ్రాంత అధికారి సార్ కలగజేసుకున్నారు. ఇకపై ఏది అడిగినా రాతపూర్వకంగానే అడగాలన్నారు. సర్వే రిపోర్టు ప్రతి తెప్పించి, మా వరండాలో కూర్చుని పంక్తి పంక్తీ చదివారు. కంపెనీ చేసిన కోతల్లో న్యాయమైనవి ఏవో ముందుగా ఆయనే చెప్పారు. మా బండికి నాలుగో ఏడు నడుస్తోంది కాబట్టి లోహ భాగాలకు 25 శాతం, ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు 50 శాతం తరుగుదల (పాతబడినందుకు తగ్గించే విలువ) పోతుంది, అద్దాలకు పోదు, ఆపైన 1000 రూపాయలు మనమే భరించాలి, వీటి మీద వాదించవద్దన్నారు. మనవైపు ఉన్న మనిషి ఎదుటివారి న్యాయాన్ని కూడా చెప్పడం చూసి, ఆయన మీద నాకు గౌరవం రెట్టింపయింది.

ఇక మెకానిక్ అన్న. విప్పిన పాత భాగాలను ఇనుప సామానుకు అమ్మేయకుండా గోనెసంచిలో కట్టి దాచి ఉంచాడు. విరిగిన ఆర్మ్‌ను వెలుతురులో పెట్టి చూపించాడు. పాత పగులైతే లోపలంతా తుప్పు పట్టి ఉంటుంది, ఇది తెల్లగా మెరుస్తోంది, అంటే దెబ్బకు అప్పుడే తెగిందన్నమాట. దగ్గర నుంచి ఫొటోలు తీసి, తన లెటర్‌హెడ్ మీద ఆ మాటే రాసి సంతకం చేశాడు. ప్రమాదానికి ముందు చేయించిన వీల్ అలైన్‌మెంట్ (చక్రాలు సరైన కోణంలో ఉన్నాయో లేదో చూసే పరీక్ష) రిపోర్టు సర్వీసు కాగితాల్లో దొరికింది. అందులో కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి. అరిగిపోయిన స్టీరింగ్‌కు అలాంటి కొలతలు ఎలా వస్తాయి?

ఇవన్నీ జతచేసి కంపెనీ ఫిర్యాదుల అధికారికి సార్ ఉత్తరం రాయించారు. జవాబు లేకపోవడంతో బీమా నియంత్రణ సంస్థ వారి ఫిర్యాదుల పోర్టల్ 'బీమా భరోసా'లో నమోదు చేయించారు. అక్కడా కాకుంటే హైదరాబాద్‌లో బీమా తగవులు తీర్చే అంబుడ్స్‌మన్ ఉన్నారని, కంపెనీకి రాసి నెల గడిచినా జవాబు రాకపోతే అక్కడికి వెళ్లవచ్చని, రుసుముగానీ వకీలుగానీ అక్కర్లేదని ధైర్యం చెప్పారు. అంతదూరం పోలేదు. కంపెనీ మరో సర్వేయర్‌ను పంపింది. ఆయన గోనెసంచి విప్పించి, ప్రతి భాగాన్నీ ఓపికగా చూసి, రెండింటినీ ఒప్పుకున్నారు. ఆయనకూ మా నమస్కారాలు.

సార్ మా ఇంట్లో టీ తప్ప ఏమీ ముట్టలేదు. అన్న ఆ ఉత్తరానికి ఒక్క రూపాయి తీసుకోలేదు. మా కుటుంబం వీరికి రుణపడి ఉంది.

ఇంకొకరికి చెప్పుకోవాలి. ఆ రాత్రి ట్రాక్టర్ ఆపి, నాన్నను దింపి నీళ్లు తాగించి, మేం చేరేదాకా పక్కనే కూర్చున్న పెద్దాయన ఎవరో మాకు తెలియదు. హడావిడిలో పేరు కూడా అడగలేకపోయాం. తిప్పర్తి చుట్టుపక్కల వారెవరికైనా తెలిస్తే దయచేసి చెప్పండి. నాన్న వెళ్లి కలవాలని రోజూ అడుగుతున్నారు.