పేజీ సోర్స్ చూస్తే హ్యాకింగ్ అవుతుందా?

సంపాదకులకు నమస్కారం.

తెనాలిలో డిగ్రీ పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతాను. వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్ మొదలుపెట్టే రోజున ఏదో ఒక వెబ్‌సైట్ తెరిపించి, కంట్రోల్, యు మీటలు కలిపి నొక్కమంటాను. తెరంతా కోడ్ వస్తుంది. అదే ఆ పేజీ సోర్స్. అది ఎక్కడో చొరబడి తెచ్చింది కాదు, సర్వర్ మన కంప్యూటర్‌కు పంపిందే. మన పేరున పోస్టులో వచ్చిన కవరు విప్పి చదవడం లాంటిదే.

మొన్నామధ్య మా విద్యార్థిని ఒక సంస్థ ఫలితాల పేజీ సోర్స్ చూస్తుంటే, తెర మీద కనిపించని తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు అందులో కనిపించాయి. మంచి మనసుతో ఫోన్ చేసి చెప్పింది. 'మా సైట్ హ్యాక్ చేశావా? పోలీసులకు చెబుతాం' అన్నారట. టెన్షన్‌తో రెండు రోజులు క్లాసుకు రాలేదు.

2021 అక్టోబరులో అమెరికాలోని మిస్సోరీలోనూ ఇలాగే జరిగింది. సెయింట్ లూయీ పోస్ట్-డిస్పాచ్ విలేకరి ఒకరు రాష్ట్ర విద్యాశాఖ పేజీల సోర్స్‌లో టీచర్ల సోషల్ సెక్యూరిటీ నంబర్లు (మన ఆధార్ లాంటివి) ఉన్నాయని గమనించారు. లక్ష మందికి పైగా టీచర్ల నంబర్లు బయటపడే ప్రమాదం అది. పత్రిక ముందు శాఖకు చెప్పి, వాళ్లు సరిచేసేదాకా వార్త ఆపింది. అయినా గవర్నర్ మైక్ పార్సన్ దాన్ని హ్యాకింగ్ అన్నారు, దర్యాప్తు చేయించారు. కేసు పెట్టేది లేదని ప్రాసిక్యూటర్ 2022 ఫిబ్రవరిలో చెప్పేదాకా ఆ కత్తి విలేకరి మెడ మీద వేలాడుతూనే ఉంది.

మనకూ ఇది కొత్త కాదు. 2017 మేలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే పరిశోధన సంస్థ నాలుగు ప్రభుత్వ పోర్టళ్ల నుంచి సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు బయటపడి ఉండొచ్చని నివేదిక ఇచ్చింది. వాటిలో రెండు మన ఆంధ్రప్రదేశ్‌వే: ఉపాధి హామీ చెల్లింపులది, చంద్రన్న బీమాది. లోపం చూపినవాళ్లకే ఆధార్ జారీచేసే సంస్థ ఉడాయ్ నుంచి సంజాయిషీ అడుగుతూ లేఖ వెళ్లింది.

హ్యాకింగ్ లాంటి పనులకు ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల జైలు, 5 లక్షల జరిమానా దాకా పడొచ్చు. కానీ ఆ పని మోసపూరితంగానో, దురుద్దేశంతోనో చేసి ఉండాలని అదే సెక్షన్ అంటోంది. ఈ మాట మన స్టేషన్లలో ఎంతమందికి తెలుసు? కొన్ని సంస్థలు సోర్స్ చూడనివ్వకూడదని రైట్ క్లిక్ పనిచేయకుండా చేసి, అదే భద్రత అనుకుంటున్నాయి. చూపకూడని నంబరును అసలు బ్రౌజర్‌కు పంపకూడదు.

లోపాలు చెప్పడానికి కేంద్రంలో సెర్ట్-ఇన్ అనే సైబర్ భద్రతా సంస్థ ఉంది. ఊళ్లో చదివే పిల్లకు దాని పేరే తెలియదు. అందుకే ప్రతి ప్రభుత్వ, విద్యాసంస్థ వెబ్‌సైట్‌లోనూ లోపం తెలిపేందుకు ఒక ఈమెయిల్ పెట్టాలి. చెప్పినవారిపై కేసు పెట్టబోమని దాని పక్కనే తెలుగులో రాయాలి. వారంలోగా జవాబు ఇవ్వాలి. రెండు రాష్ట్రాల ఐటీ శాఖలూ ఒక్క ఉత్తర్వుతో ఈ పని చేయగలవు.

నిన్న సాయంత్రం మా విద్యార్థిని చూసిన ఆ ఫలితాల పేజీ మళ్లీ తెరిచి చూశాను. నంబర్లు ఇంకా అక్కడే ఉన్నాయి.

— కంప్యూటర్ అధ్యాపకురాలు, తెనాలి