ఆ ఐదు కేంద్రాలను పెంచండి

సంపాదకులకు,

ఈవీఎంల మీద గోల చేసే పార్టీలను, ప్రిసైడింగ్ అధికారిగా పనిచేసిన నేను ఒకటే అడుగుతాను: మాక్ పోల్‌కి మీ ఏజెంటు వచ్చాడా? పోలింగుకు ముందు కనీసం 50 ఓట్లు వేయించి, వీవీప్యాట్ (ఓటు ఎవరికి పడిందో చీటీ ముద్రించి చూపే యంత్రం) చీటీలతో సరిచూసి, మెషిన్ క్లియర్ చేసి చూపిస్తాం. ఏజెంట్లు ఆవలిస్తూ వస్తారు, అదీ వస్తే. సాయంత్రం ఇచ్చిన, పోలైన ఓట్ల లెక్క ఉండే 17సి ఫారం మడిచి జేబులో పెట్టుకుంటారు. లెక్కింపు రోజు కంట్రోల్ యూనిట్ (ఈవీఎంలో ఓట్లు నమోదయ్యే భాగం) చూపే మొత్తంతో పోల్చాల్సింది దాన్నే.

అలాగని ఓటరు అనుమానాన్ని కొట్టిపారేయలేం. చీటీ 7 సెకన్లు కనబడి డబ్బాలో పడుతుంది. లెక్కపెట్టేది మాత్రం అసెంబ్లీ నియోజకవర్గానికి 5 పోలింగ్ కేంద్రాలవే. మొత్తం చీటీలు సరిచూడాలన్న వినతిని 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. సరే, ఆ 5ను పెంచడానికి అడ్డేమిటి? ఫలితం ఒక రోజు ఆలస్యమైతే కొంపలేం మునగవు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు