ఊహాదేశానికి రాష్ట్రపతి ఎన్నిక: చేతులెత్తించి తేల్చేయకండి

సంపాదకులకు నమస్కారం.

నవంబరు 26 రాజ్యాంగ దినోత్సవం, జనవరి 25 ఓటర్ల దినోత్సవం దగ్గరపడుతున్నాయంటే బడుల్లో నమూనా ఎన్నికల సందడి మొదలవుతుంది. పిల్లలతో ఒక ఊహాదేశాన్ని కట్టించి, దానికి పేరు పెట్టించి, జెండా గీయించి, రాష్ట్రపతిని ఎన్నుకోమనడం చాలా మంచి పని. ఆ ఎన్నికను చేతులెత్తించో, ఫోన్‌లో ఓటింగ్ యాప్ పెట్టో పది నిమిషాల్లో ముగిస్తేనే చిక్కు. పిల్లలకు క్లాస్ లీడర్ ఎన్నిక ఎలాగూ తెలుసు. రాష్ట్రపతి ఎన్నిక అలా జరగదన్నదే వాళ్లు నేర్చుకోవాల్సింది.

తిరుత్తణిలో పుట్టి, తిరుపతి మిషన్ బడిలో చదువుకున్న సర్వేపల్లి రాధాకృష్ణన్ 1962లో రాష్ట్రపతి అయ్యారని మన జిల్లా పిల్లలకు చెబుతూనే ఉంటాం. ఎలా ఎన్నికయ్యారో మాత్రం చెప్పం. అది చెప్పడానికి 1969 ఎన్నికను మించిన పాఠం లేదు. రాష్ట్రపతికి ఓటేసేది ఎన్నికైన ఎంపీలు, ఎమ్మెల్యేలు. వాళ్లు అభ్యర్థుల పేర్ల పక్కన నచ్చిన వరుసలో 1, 2, 3 అని అంకెలు (ప్రాధాన్యాలు) వేస్తారు, ఒక్కో ఓటుకు ఒక విలువ ఉంటుంది. అప్పుడు మొదటి ప్రాధాన్య ఓట్ల, అంటే 1 అంకె పడ్డ ఓట్ల, విలువలో వి.వి. గిరికి 4,01,515, మన సీమవాసి నీలం సంజీవరెడ్డికి 3,13,548, సి.డి. దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. గెలవడానికి కావాల్సిన కోటా 4,18,169. దాదాపు 88 వేల ఆధిక్యం ఉన్నా గిరి అప్పటికింకా గెలవలేదు. అట్టడుగున ఉన్నవాళ్లను ఒక్కొక్కరినే తప్పిస్తూ, వాళ్ల బ్యాలెట్ల మీద తర్వాతి ప్రాధాన్యం ఎవరికుందో చూసి పంచుతూ పోతే గిరి 4,20,077 దగ్గర, సంజీవరెడ్డి 4,05,427 దగ్గర ఆగారు. తేడా 14,650కి దిగిపోయింది. మీట నొక్కిన లెక్క కూడి చెప్పే ఈవీఎంకు ఈ పంపకం చేతకాదు. అందుకే రాష్ట్రపతి ఎన్నిక నేటికీ కాగితం మీదే జరుగుతోంది.

బడిలో దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. అరవై మంది ఓటర్లనుకుంటే, ఏ4 కాగితానికి నాలుగు చొప్పున పదిహేను కాగితాలు చాలు. అట్టపెట్టెలు రెండు: ఒకటి ఓట్లు వేయడానికి, రెండోది మూడు వైపులా నిలబెట్టి చాటు చేయడానికి. చాటున ఊదారంగు స్కెచ్ పెన్ను ఒకటే ఉంచాలి. పిల్లలు తమ పెన్నులతో రాస్తే సిరా రంగును బట్టి ఎవరు ఎవరికి వేశారో తెలిసిపోతుంది. 2017 నుంచి ఎన్నికల సంఘం కూడా రాష్ట్రపతి ఎన్నికలో ఓటర్ల చేతికి ఊదారంగు సిరా పెన్నే ఇస్తోంది. ఓటర్లు అరవై మంది, చాటు ఒక్కటే అయితే పీరియడ్ మొత్తం ఓట్లు వేయడానికే పోతుంది. ఇంకో పెట్టె, అదే రంగు పెన్ను తెచ్చి రెండు చాట్లు పెట్టి, లెక్కింపును మరో పీరియడ్‌కు ఉంచండి.

నామినేషన్‌ను తేలిగ్గా తీసుకోకూడదు. అసలు ఎన్నికలో 50 మంది ప్రతిపాదించాలి, మరో 50 మంది బలపరచాలి, 15,000 రూపాయలు డిపాజిట్ కట్టాలి. తరగతిలో ముగ్గురు, ముగ్గురు సరిపోతారు. ఒకరి సంతకం ఒక్క నామినేషన్‌కే చెల్లాలి. స్నేహం కొద్దీ అందరికీ సంతకం పెట్టేసే పిల్లలుంటారు. ముందుగా అందిన కాగితం మీది సంతకమే లెక్కలోకి వస్తుందని మొదటే చెప్పాలి.

బ్యాలెట్ మీద పార్టీ గుర్తులుండవు. పేర్లు, పక్కన గడులు, అంతే. నచ్చిన వరుసలో 1, 2, 3 అని అంకెలు వేయాలి. తెలుగు అంకెలు ౧, ౨, ౩ వేసినా చెల్లుతాయి. ‘ఒకటి’ అని అక్షరాల్లో రాస్తే చెల్లదు. 1 వేయకపోయినా, ఇద్దరికి 1 వేసినా, పేరో సంతకమో పెట్టినా ఆ ఓటు పోయినట్టే. టిక్కు పెట్టడం పిల్లలు మామూలుగా చేసే తప్పు. నల్లబల్ల మీద నమూనా గీసి చూపిస్తే అది చాలావరకు తగ్గుతుంది. 2, 3 వేయడం ఓటరు ఇష్టం.

లెక్కింపు దగ్గర తొందర పనికిరాదు. అభ్యర్థులు మామిడి, చింత, వేప, కానుగ అనుకుందాం. అరవైలో ఒకటి చెల్లలేదు, మిగిలినవి 59. వాటిని రెండుతో భాగించి, శేషం వదిలేసి ఒకటి కలిపితే కోటా 30. మొదటి ప్రాధాన్యంలో మామిడికి 24, చింతకు 19, వేపకు 10, కానుగకు 6 వచ్చాయి. కానుగను తప్పించి ఆ ఆరూ పంచితే మామిడి 25, చింత 21, వేప 13. ఇప్పుడు వేపను తప్పించాలి. అందరూ పొరపడేది ఇక్కడే. ఈ పదమూడింటిలో కానుగ నుంచి వచ్చినవి మూడున్నాయి. వాటి మీద 2 అంకె వేపదే కాబట్టి 3 ఎవరిదో చూడాలి. మొదటి నుంచీ వేపవైన పదింటిలో 2 కానుగకు వేసి ఉన్నా అంతే, కానుగ బరిలో లేదు కనుక 3 చూడాలి. ‘2 చూడు’ అని కాకుండా, ‘ఇంకా బరిలో ఉన్నవాళ్లలో తర్వాతి అంకె ఎవరికుందో చూడు’ అని చెప్పడం అలవాటు చేయండి.

పదమూడింటిలో ఎనిమిది చింతకు, మూడు మామిడికి పోయాయి, రెండింటి మీద తర్వాతి అంకే లేదు. మామిడి 28, చింత 29, ఆగిపోయినవి 2. కలిపితే 59 రావాలి. ప్రతి విడతలోనూ ఈ మొత్తం సరిచూడకపోతే ఒక్క కాగితం తప్పు కట్టలోకి పోయినా ఎవరికీ తెలియదు. ఎవరూ 30 చేరకపోయినా, తక్కువ ఉన్న మామిడిని తప్పిస్తే మిగిలేది చింత ఒక్కటే, గెలుపు చింతదే. కోటాను మధ్యలో తగ్గించకూడదు. మొదట అయిదు ఓట్లు వెనకున్న చింత గెలవడం చూసి పిల్లలు తప్పకుండా ప్రశ్నిస్తారు. ఆ ప్రశ్న కోసమే ఇంత శ్రమ.

ఓటు విలువ సంగతి పై తరగతులకు ఉంచవచ్చు. ఎమ్మెల్యే ఓటు విలువకు రాష్ట్రం 1971 నాటి జనాభాను ఎన్నికైన ఎమ్మెల్యేల సంఖ్యతో భాగించి, మళ్లీ వెయ్యితో భాగిస్తారు. శేషం 500 లేదా ఆపైన ఉంటే ఒకటి కలుపుతారు. ఆంధ్రప్రదేశ్‌కు 2,78,00,586ను 175తో భాగిస్తే దాదాపు 1,58,860, దాన్ని వెయ్యితో భాగిస్తే 158, శేషం 500 దాటింది కనుక 159 వస్తుంది. తెలంగాణకు 132, సిక్కింకు 7. ఊహాదేశంలో ఒక్కో సెక్షన్‌ను ఒక్కో రాష్ట్రంగా చేసి బ్యాలెట్ కాగితం రంగు మార్చితే, ఓటరెవరో తెలియకుండానే విలువ తెలుస్తుంది. అసలు ఎన్నికలో ఎంపీలకు ఆకుపచ్చ, ఎమ్మెల్యేలకు గులాబీ రంగు బ్యాలెట్లు ఇస్తారు.

ప్రధానోపాధ్యాయులకు మా విన్నపం ఒక్కటే. ఈ పనికి రెండు పీరియడ్లు విడిగా కేటాయించండి. లెక్క అయ్యాక బ్యాలెట్లను పారేయకుండా విడతలవారీగా కవర్లలో పెట్టి ఉంచండి. ఓడిన అభ్యర్థి మర్నాడు వచ్చి మళ్లీ లెక్కపెడతానంటే పెట్టనివ్వండి.

ఇట్లు,
కొందరు విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయులు,
తిరుపతి