స్పానిష్ పాఠం తెలుగు నుంచే మొదలవ్వాలి

సంపాదకుడు గారికి,

హనుమకొండలో మా ఇంట్లోనే డిగ్రీ పిల్లలకు స్పానిష్ ట్యూషన్ చెబుతున్నాను. తెలుగు మీడియంలో చదివిన పిల్లలు ఎక్కువగా తడబడేది లింగ వచనాల దగ్గరే. దొరికే పుస్తకాలన్నీ ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి. స్పానిష్‌లో నామవాచకం లింగ వచనాలను బట్టి విశేషణం కూడా మారుతుంది; ఇంగ్లిష్‌లో మారదు కాబట్టి వాటిలో ఇదంతా బట్టీ పట్టాల్సిన పట్టికలా కనిపిస్తుంది. మన పిల్లలకు అంత టెన్షన్ అక్కర్లేదు.

మొన్న పరకాల నుంచి వచ్చే అమ్మాయి తెల్ల ఇళ్లు అనడానికి 'లాస్ కాసాస్ బ్లాంకా' అని రాసింది. ఇళ్లకు బహువచనం పెట్టి, తెల్ల అనే విశేషణాన్ని ఏకవచనంలోనే వదిలేసింది. తెల్ల ఇల్లు అన్నా, తెల్ల ఇళ్లు అన్నా మనకు 'తెల్ల' మారదు మరి. దాని కిందే 'ఈ ఇల్లు తెల్లది, ఈ ఇళ్లు తెల్లవి' అని రాయమన్నాను. రాసి, కాసేపు చూసి, 'బ్లాంకాస్' అని తనే దిద్దుకుంది. వాడు మంచోడు, ఆమె మంచిది, వాళ్లు మంచోళ్లు అని రోజూ అనే మనకు ఈ పద్ధతి పుట్టుకతో తెలుసు. మనం వాక్యం చివర చేసే పనిని స్పానిష్ వాళ్లు నామవాచకం పక్కన కూడా చేస్తారు.

క్రియ దగ్గరైతే మనదే ఎక్కువ పని. అతను వచ్చినా ఆమె వచ్చినా వాళ్లకు 'వినో' ఒక్కటే. మన దగ్గర వచ్చిండు, వచ్చింది, వచ్చిన్రు, వచ్చినయ్. బడి ముఖం చూడని అవ్వ కూడా ఇందులో తప్పు పోదు.

తెలుగు ఆదుకోని చోటూ ఉంది. స్పానిష్‌లో పుస్తకం పుంలింగం, ఇల్లు స్త్రీలింగం ఎందుకయ్యాయని అర్థాన్ని బట్టి చెప్పలేం. 'ఓ'తో ముగిస్తే పుంలింగం, 'ఆ'తో ముగిస్తే స్త్రీలింగం అన్న సూత్రం చాలావరకు నిలుస్తుంది. కానీ చెయ్యి అనే 'మానో' స్త్రీలింగం, రోజు అనే 'దియా' పుంలింగం. గ్రీకు నుంచి వచ్చిన 'ప్రొబ్లెమా' కూడా పుంలింగమే. చల్లటి నీళ్లను 'ఎల్ అగ్వా ఫ్రియా' అంటారు: ముందు మామూలుగా పుంలింగానికి వాడే 'ఎల్' ఉన్నా అగ్వా స్త్రీలింగమే, అందుకే 'ఫ్రియో' కాదు, 'ఫ్రియా'. అందుకని ప్రతి మాటనూ మొదటి రోజు నుంచే పుంలింగానికి వాడే ఎల్, స్త్రీలింగానికి వాడే లా లతో కలిపి పలికించాలి.

విదేశీ భాషల పాఠాలు తయారుచేసే కాలేజీలు ఒక తెలుగు అధ్యాపకుడిని కూడా పక్కన కూర్చోబెట్టుకోవాలని కోరుతున్నాను. మీ విద్యా పేజీలో వారానికో చిన్న పాఠం వేస్తానంటే, నేను రాసుకున్న తెలుగు–స్పానిష్ వాక్యాల జతలు పంపడానికి సిద్ధంగా ఉన్నాను.

– ఒక స్పానిష్ ట్యూషన్ టీచర్, హనుమకొండ