వార్షిక కార్యకలాపాల నివేదిక: బడి పిల్లలకు ఎపిజెనెటిక్స్, ఆరోగ్య విజ్ఞానం

సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది సంఘం పనంతా ఒకే పాఠ్యక్రమం మీద నడిచింది. ఉన్నత తరగతుల విద్యార్థులకు ఎపిజెనెటిక్స్ (డీఎన్‌ఏ అక్షరాలు మారకుండానే జన్యువు పనిచేసే తీరును మార్చే రసాయన గుర్తుల శాస్త్రం), దాన్ని ఆనుకుని ఉన్న ఆరోగ్య విషయాలు నాలుగు పాఠాలుగా చెప్పాం. ఒక్కో పాఠం 45 నిమిషాలు. జమాఖర్చుల పట్టికను విడిగా జతచేశాం. ఈ నివేదికలో పాఠాల్లో ఏం చేయించామో, పిల్లలు ఎక్కడ తడబడతారో, ఎందుకో మాత్రమే రాస్తున్నాం. వచ్చే ఏడాది వాలంటీర్లుగా రాదలచిన సభ్యులకు ఇదే కరదీపిక.

ఈ విషయం చెప్పడంలో అసలు చిక్కు అతిశయోక్తితోనే. ‘జన్యువులే తలరాత’ అన్న అపోహను పోగొట్టబోయి, ‘అలవాట్లు మార్చుకుంటే జన్యువులే మారిపోతాయి’ అన్న ఇంకో అపోహ అంటించేట్టయితే పాఠం చెప్పకపోవడమే నయం. అందుకని నాలుగు పాఠాల్లోనూ పిల్లల చేత పదేపదే రెండు ప్రశ్నలు అడిగించాం: గుర్తు దేని మీద పడింది? ఏ జీవిలో, ఏ కణాల్లో చూశారు?

కణ విభజన, జన్యువు నుంచి ప్రొటీన్ తయారయ్యే తీరు ముందే తెలిసిన తరగతులకే ఈ పాఠాలు పనికొస్తాయి. ఆ రెండూ రాకపోతే మూడో పాఠం పూర్తిగా వృథా.

మొదటి పాఠం: మూతలు, ఊలుదారం

ఒక్కో కణంలో దాదాపు 2 మీటర్ల డీఎన్‌ఏ ఉంటుంది. అది కొద్ది మైక్రోమీటర్ల వెడల్పున్న కేంద్రకంలో ఇమడాలి. 147 జతల అక్షరాల పొడవు డీఎన్‌ఏ ఎనిమిది హిస్టోన్ ప్రొటీన్ల ముద్ద చుట్టూ సుమారు 1.65 చుట్లు తిరుగుతుంది. దీన్నే న్యూక్లియోసోమ్ అంటారు. నలుగురు పిల్లల జట్టుకు కావలసినవి: 30 మిల్లీమీటర్ల సీసా మూతలు 16, మూడు మిల్లీమీటర్ల మందం ఊలుదారం రెండుంపావు మీటర్లు, రెండువైపులా అంటుకునే టేపు, ఎర్రతల గుండుసూదులు, సన్నని తీగ ముక్కలు, పసుపు స్టిక్కర్లు, చిన్న కాగితపు ఉంగరం.

రెండేసి మూతల్ని నోళ్లు కలిపి అంటిస్తే ఎనిమిది పూసలు తయారవుతాయి. పూస అంచు చుట్టూ టేపు వేయాలి. టేపు లేకపోతే మూడో పూస చుట్టేసరికి మొదటిది జారిపోతుంది. ఒక్కో పూసకు దాదాపు 17 సెంటీమీటర్ల దారం పడుతుంది. పూసకూ పూసకూ మధ్య 6 సెంటీమీటర్లు వదలాలి. ఈ కొలతలు దారంపై ముందే పెన్నుతో గుర్తు పెట్టుకోవాలి. పిల్లలు మధ్యలో ఎక్కువ వదిలేస్తారు, ఆరో పూస దగ్గరే దారం అయిపోతుంది. చుట్టే దిశ కూడా ముఖ్యం. డీఎన్‌ఏ హిస్టోన్ల మీద ఎడమచేతి వాటంగా తిరుగుతుంది. మూత లోపలి మరను చూసి దానికి ఎదురుగా చుట్టమంటే చాలు. కుడిచేతి వాటం పిల్లల్లో చాలామంది చెయ్యి దానంతటదే మర దిశలోనే పోతుంది కాబట్టి మొదటి పూస పూర్తి కాగానే వాలంటీరు ఒకసారి చూడాలి.

ఉంగరం జన్యువును చదివే ఎంజైముకు గుర్తు. చుట్టడానికి ముందే దాన్ని దారానికి ఎక్కించాలి. పూసల మధ్య దారం మీద అది జారుతుంది, పూస దగ్గర ఆగుతుంది. పూసకు గుచ్చిన తీగలు హిస్టోన్ తోకలు. తోకకు పసుపు స్టిక్కర్ అంటిస్తే అది అసిటైల్ గుర్తు. తోకలోని లైసిన్ అనే అమైనో ఆమ్లానికి ధనావేశం, డీఎన్‌ఏకు రుణావేశం. అసిటైల్ చేరగానే లైసిన్ ఆవేశం పోయి పట్టు సడలుతుంది. అప్పుడు ఆ పూస మీది దారాన్ని అరచుట్టు విప్పించి ఉంగరాన్ని మళ్లీ జరపమంటాం.

ఎర్ర సూది మిథైల్ గుర్తు. దాన్ని దారానికే గుచ్చాలి. సగం జట్లయినా తెచ్చి పూసకు గుచ్చుతాయి, ఎందుకంటే పూస గట్టిగా ఉండి సూది తేలిగ్గా నిలబడుతుంది! ‘గుర్తు దేని మీద పడింది?’ అని అడగాల్సింది ఇక్కడే. హిస్టోన్‌కూ మిథైల్ పడుతుంది కదా అని అడిగే విద్యార్థికి అవునని చెప్పి, దాని ఫలితం ఏ స్థానంలో పడిందన్న దాన్నిబట్టి మారుతుందని చెబితే సరిపోతుంది. మిగతా తరగతికి ఆ ఊసు అవసరం లేదు.

రెండో పాఠం: గుర్తు నకలు

మనిషి డీఎన్‌ఏలో మిథైల్ ఎక్కువగా పడేది సైటోసిన్ (సి) అనే అక్షరం పక్కనే గ్వానిన్ (జి) ఉన్న చోట, అంటే ‘సిజి’ వద్ద. జన్యుపటంలో ఇలాంటివి సుమారు 2.8 కోట్లు. 40 అక్షరాల కాగితపు పట్టీ ఇచ్చి సిజిలకు గీత పెట్టమంటే పిల్లలు ‘జిసి’లకూ పెడతారు. పట్టీ కొసన బాణం గుర్తు వేసి ఇస్తే ఈ పొరపాటు తగ్గుతుంది. కింద ఎదురు పోగు రాయించి, దాన్ని కుడి నుంచి ఎడమకు చదివించాలి. సిజికి ఎదురుగా మళ్లీ సిజియే వస్తుంది. కణం విభజన చెందినప్పుడు పాత పోగు మీది గుర్తు చూసి కొత్త పోగుకు గుర్తు పెట్టే వీలు దానివల్లే కలుగుతోంది. ఆ పని చేసే ఎంజైము డీఎన్‌ఎంటీ1.

ఆ ఎంజైము పనిచేయకపోతే ఏమవుతుందో పట్టీలతోనే చేయించాం. రెండు పోగులకూ గుర్తున్న ఒక డీఎన్‌ఏ మొదటి విభజన తర్వాత రెండవుతుంది, రెండింటిలోనూ ఒక్కో పోగుకే గుర్తు. తర్వాత నాలుగవుతాయి, రెండింటికి సగం గుర్తు, రెండు ఖాళీ. ఆ తర్వాత ఎనిమిదింటిలో ఆరు ఖాళీ. గుర్తు అన్నింటిలోనూ సమానంగా వెలిసిపోతుందని పిల్లలు ముందే ఊహిస్తారు. కానీ పాత పోగుల మీద అది చెక్కుచెదరదు, కొత్త పోగులే ఖాళీగా వస్తాయి. ‘ఈ చోట 40 శాతం మిథైలేషన్’ అన్న వాక్యానికి అర్థం అప్పుడే బోధపడుతుంది. నమూనాలోని డీఎన్‌ఏ ప్రతుల్లో నూటికి 40కి గుర్తు ఉందని దాని అర్థం, ప్రతిదానికీ కొంచెం కొంచెం ఉందని కాదు.

పుక్కిలించిన ఉప్పునీటి నుంచి డీఎన్‌ఏ పోగులు తీసే ప్రయోగాన్ని ఐచ్ఛికం చేశాం. పిల్లలకు మహా సరదా, కాదనం. కానీ అందులో మిథైల్ ఉన్నదీ లేనిదీ ఒకేలా కనిపిస్తాయి. చేయిస్తే ఎవరి పుక్కిలి నీరు వాళ్లే పట్టుకోవాలి. డిటర్జెంటు వేశాక గిలక్కొట్టకూడదు, నురగ వస్తే పోగులు కనిపించవు. బాగా చల్లబరిచిన ఆల్కహాలు గొట్టం అంచు వెంట నెమ్మదిగా పోయాలి. దగ్గర్లో మంట ఉండకూడదు.

మూడో పాఠం: పిల్లి మచ్చలు

నాలుగింటిలో బాగా పండిన పాఠం ఇదే. పిల్లుల్లో నలుపు, నారింజ రంగుల తేడా తెచ్చే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆడపిల్లికి రెండు ఎక్స్‌లు. పిండం తొలిదశలోనే ఒక్కో కణం ఏదో ఒక ఎక్స్‌ను మూసేస్తుంది, దాని సంతతి కణాలు అదే ఎంపికను కొనసాగిస్తాయి. ఆడ క్షీరదాల్లో ఇలా జరుగుతుందని 1961లో మేరీ లయన్ ప్రతిపాదించారు.

12 గళ్ల పొడవు, 12 గళ్ల వెడల్పు ఉన్న గ్రాఫ్ కాగితాన్ని మూడేసి గళ్ల చదరాలుగా విడగొడితే 16 చదరాలు వస్తాయి. ఒక్కో చదరానికి ఒక్కసారే నాణెం ఎగరేయాలి. బొమ్మ పడితే ఆ తొమ్మిది గళ్లూ నలుపు, బొరుసు పడితే నారింజ. మచ్చల పిల్లి వచ్చేస్తుంది. కొందరు ప్రతి చిన్న గడికీ నాణెం ఎగరేస్తారు, కాగితం నిండా చుక్కలే మిగులుతాయి. ఆ కాగితాన్ని పారేయకూడదు. విభజన జరిగిన ప్రతిసారీ కణం కొత్తగా ఎంచుకుంటే మచ్చలు ఉండవని చూపడానికి అంతకన్నా మంచి సాధనం లేదు. ఎనిమిది నలుపు, ఎనిమిది నారింజ కచ్చితంగా రావాలని పిల్లలు పట్టుబడతారు. అలా వచ్చేది దాదాపు అయిదింట ఒక్కసారే.

2001 చివర్లో పుట్టిన తొలి క్లోన్ పిల్లి సీసీ, తన కణదాత పిల్లిలా కనిపించలేదని చెప్పి పాఠం ముగించాం. తెల్లమచ్చలు ఎలా వచ్చాయని అడుగుతారు. అది వేరే జన్యువు పని.

నాలుగో పాఠం: ఆధారం ఎంతవరకు?

ఇక్కడ నాలుగు ఉదాహరణలు ఇచ్చి, ఒక్కోదాని పరిమితిని పిల్లల చేతనే రాయించాం.

తేనెటీగల్లో ఒకటి రాణి, మరొకటి పనీగ కావడానికి కారణం డీఎన్‌ఏలో తేడా కాదు. 2008లో శాస్త్రవేత్తలు డింభకాల్లో డీఎన్‌ఎంటీ3 అనే మిథైల్ ఎంజైమును తగ్గిస్తే ఎక్కువ భాగం రాణి లక్షణాలతో బయటికొచ్చాయి. రాయల్ జెల్లీ రాణికే పెడతారన్నది సరికాదు. తొలి రోజుల్లో డింభకాలన్నిటికీ అందుతుంది, రాణి కాబోయేదానికి తర్వాతా కొనసాగుతుంది.

అగౌటి ఎలుకల ప్రయోగం 2003 నాటిది. తల్లులకు ఫోలిక్ యాసిడ్, బి12, కోలీన్, బీటైన్ కలిపిన మేత పెడితే పిల్లల్లో పసుపు బదులు గోధుమరంగు బొచ్చున్నవి పెరిగాయి. ఆ జాతి ఎలుకల్లో అగౌటి అనే బొచ్చురంగు జన్యువు ముందు ఒక సంచార డీఎన్‌ఏ ముక్క చేరి ఉంది, మనుషుల్లో ఆ చోట అది లేదు. గర్భం దాల్చబోయే స్త్రీలకు రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ సిఫారసు చేయడానికి కారణం వేరు: శిశువు నాడీనాళం (మెదడు, వెన్నుపాముగా రూపొందే గొట్టం) గర్భం నిలిచాక సుమారు 28వ రోజుకే మూసుకుంటుంది, ఆ లోపే ఫోలేట్ చాలినంత ఉండాలి. ఈ రెండింటినీ కలిపేసి చెప్పొద్దని వాలంటీర్లకు గట్టిగా చెప్పాం.

1944–45 చలికాలంలో నెదర్లాండ్స్ కరువులో గర్భస్థ దశ గడిపినవారి రక్తాన్ని ఆరు దశాబ్దాల తర్వాత తోబుట్టువులతో పోల్చారు. తల్లికి గర్భం నిలిచే సమయంలోనే కరువు తగిలినవారిలో, ఎదుగుదలకు తోడ్పడే ఐజీఎఫ్2 జన్యువు వద్ద మిథైలేషన్ కొద్దిగా తక్కువ. తేడా ఉందని తేలింది గానీ జబ్బులకు అదే కారణమని కాదు. నాలుగోది పొగాకు: పొగతాగేవారిలో ఏహెచ్ఆర్ఆర్ జన్యువు వద్ద మిథైలేషన్ తగ్గుతుంది, మానేస్తే ఏళ్లమీద చాలామేర తిరిగొస్తుంది.

‘అమ్మమ్మ తిన్నది మనవడికి తగులుతుందా?’ అన్న ప్రశ్నకు బోర్డు మీద బొమ్మ తప్పదు. గర్భిణికి ఏదైనా తగిలితే ఆమెకు, కడుపులోని బిడ్డకు, ఆ బిడ్డలో రూపుదిద్దుకుంటున్న బీజకణాలకు నేరుగా తగిలినట్టే. కాబట్టి మనవళ్ల దాకా అది వారసత్వం అనిపించుకోదు, మునిమనవళ్ల తరంలో కనిపించాలి. పైగా బీజకణాల్లో ఒకసారి, ఫలదీకరణ తర్వాత ఇంకోసారి ఈ గుర్తులు చాలావరకు చెరిగిపోతాయి.

తరగతిలో ఎవరి బరువు, ఇంట్లో జబ్బులు, ఇంట్లో పొగతాగేవారి సంగతి అడగరాదన్నది సంఘం నియమం. ‘మా అమ్మ వల్లే’ అనే మాట ఏ బిడ్డ నోటా రాకూడదు. ఉమ్మి పంపితే అందులోని డీఎన్‌ఏ గుర్తుల్ని బట్టి ‘జీవ వయసు’ చెబుతామనే కిట్లను బడుల్లోకి తీసుకెళ్లకూడదని కార్యవర్గం తీర్మానించింది.

వచ్చే ఏడాదికి

పిల్లి పాఠాన్ని రెండు తరగతుల సమయానికి పెంచుతాం, ఆధారాల పాఠానికి ఉపాధ్యాయుల కోసం విడిగా శిక్షణ పెడతాం. సభ్యులు సీసా మూతలు పోగుచేసి ఇవ్వగలరు. కడిగి, ఆరబెట్టి, 30 మిల్లీమీటర్లవి మాత్రమే ఒక సంచిలో వేయండి. ఒకే జట్టుకు రెండు సైజుల మూతలు వెళితే దారం కొలతలన్నీ తప్పుతాయి.